ఇంట గట్టిన తరంగ జనకము: దోషము వెదకు విధము

గాయకుడు కచేరికి కూర్చుండిన వెంటనే పాట నెత్తుకొనడు. తంబురా శ్రుతి సరిచూచుకొని, ఆ నాదమును చెవి నింపుకొని, అటుపిమ్మటనే నోరు విప్పును. శ్రుతి తప్పిన తంబురాతో పాడినచో ఎంతటి విద్వాంసుని పాటయైనను వినువారికి రుచింపదు. రేడియో సెట్టులను, ఆంప్లిఫయరులను, పెండ్లిండ్లలోను నాటకములలోను వాడు మైకు సెట్టులను బాగుచేయువారికి కూడ అట్టి తంబురా యొకటి కావలయును. దానికి ఫంక్షన్ జనరేటరని పేరు. తెలుగున తరంగ జనకమందము. సెకనుకు ఇన్ని కంపనములు కావలెనని మనము మీట త్రిప్పి నిర్ణయించినచో, అన్ని కంపనములు గల విద్యుత్తరంగమును అది ఎడతెగక ఇచ్చుచుండును. ఆ తరంగము సైను ఆకారమున గాని, త్రిభుజాకారమున గాని, చతురస్రాకారమున గాని ఉండును.

దీని ఉపయోగమేమి అని శ్రోతలు అడుగవచ్చును. మూగవోయిన ఆంప్లిఫయరు ఒకటి మన ముందున్నదనుకొందము. జనకము నుండి వచ్చు తరంగమును మొదట లౌడ్ స్పీకరుకు దగ్గరనున్న చివరి మెట్టునకు అందింపవలెను. స్వనము వినబడినచో ఆ మెట్టు బాగుగానున్నదన్నమాట. అచ్చటినుండి ఒక్కొక్క మెట్టు వెనుకకు జరుగుచు వచ్చినచో, ఎచ్చట స్వనము ఆగిపోవునో అచ్చటనే దోషము దాగియున్నదని తేలును. ఊహలతో పనిలేదు. పది భాగములను మార్చి చూడనక్కరలేదు.

కాని ఆ జనకమే అబద్ధమాడినచో ఏమగును? తూకపురాయి తప్పైన అంగడిలో తూచిన ప్రతి వస్తువును తప్పే యగును. స్వచ్ఛమైన తరంగము నిచ్చుచున్నదని మనము నమ్మిన పెట్టె వంకర తరంగము నిచ్చినచో, బాగుగానున్న ఆంప్లిఫయరునే చెడినదని తలంతుము. చెడని భాగమును పెరికి క్రొత్తది వేయుదుము. దాని వెల మన యొద్ద మరమ్మతుకు తెచ్చినవాడు చెల్లించును. కావున ఇంట గట్టుకొనిన తరంగ జనకములో దోషమును వెదకుట ఒక వేడుక కాదు. పరుల సొమ్మునకు సంబంధించిన బాధ్యత. ఆ విషయమునే ఈ ప్రసంగమున మనవి చేయదలచినాము.

ఇట్టి పరికరములను ఇంట గట్టుట క్రొత్త సంగతి కాదు. 1930ల చివర అమెరికాలోని కాలిఫోర్నియాలో విలియం హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్ అను ఇద్దరు యువకులు మోటారుకారు నిలుపు చిన్న కొట్టములో ధ్వని తరంగ జనకము నొకదానిని నిర్మించిరి. దానికి 200ఎ అని పేరు పెట్టిరి. ఇట్టి జనకములకు ఒక పీడ యుండెడిది. తరంగపు ఎత్తు స్థిరముగా నిలువక పెరిగి పెరిగి వికృతి చెందుటయో, తగ్గి తగ్గి ఆరిపోవుటయో జరుగుచుండెడిది. హ్యూలెట్ దానికి కనుగొనిన మందు ఒక చిన్న విద్యుద్దీపము. తరంగము పెరిగినచో దీపపు తీగ వేడెక్కును. వేడెక్కినచో దాని నిరోధము పెరుగును. నిరోధము పెరిగినచో తరంగము తనంత తానే అణగును. ఈ రకపు పరికరములలో 200బి అనువానిని ఎనిమిదింటిని వాల్ట్ డిస్నీ సంస్థ కొని, 1940లో వెలువడిన ఫాంటేసియా చిత్రపు ధ్వని ఏర్పాటులకు వినియోగించినది. మన తెలుగువారిలో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ట్రాంబేలో అణుశక్తి పరిశోధనకు వలయు ఎలక్ట్రానిక్ పరికరములను మన దేశముననే నిర్మింపజేసిరి. ఆ కృషి ఫలితముగనే 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసినది. కొలుచు పరికరమును తానే కట్టుకొనగలవాడు తక్కిన పనులకు ఇతరులపై ఆధారపడడని ఈ రెండు ఉదాహరణములును చెప్పుచున్నవి.

ఇక మన చోటికి వత్తము. కుందుర్పి అనంతపురము జిల్లాలో కర్ణాటకపు సరిహద్దున, కొండమీద కోట గల ఊరు. చుట్టును మెట్టనేల, వేరుశనగ చేలు. ఈ జిల్లాలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు వేళకు కురియునన్న నమ్మకము లేదు. ఇట్టి చోట ఎలక్ట్రానిక్స్ నేర్చుకొనుచున్న యువకునకు, మైకు సెట్టులు బాగుచేయు పనివానికి ఓసిలోస్కోపు దొరకుట కష్టము. ఒక భాగము కాలిపోయినచో కళ్యాణదుర్గమునకో, అనంతపురమునకో పోవలెను. బస్సు చార్జి భాగపు వెలకంటె ఎక్కువగును. అందుచేత ఇచ్చట మార్చి చూచు పద్ధతి పనికిరాదు. కొలిచి చూచు పద్ధతియే శరణ్యము. కొలుచుటకు మన చేతనున్నవి ఒక మల్టీమీటరు, ఒక ఇయర్‌ఫోను, ఒక ట్రాన్సిస్టరు రేడియో, రెండు చెవులు. ఇవి చాలునని మా మనవి.

ముందుగా ఈ జనకము పనిచేయు తీరును తెలిసికొనవలెను. తెలియనిదే దోషము పట్టుబడదు. ఒకప్పుడు మన బావులమీద కపిల తోలెడివారు. ఎడ్లు ఏటవాలున దిగుచుండగా నీటి బాన పైకి లేచును. కొసకు చేరగనే తోలువాడు ఎడ్లను వెనుకకు నడుపును. అప్పుడు బాన క్రిందికి దిగును. దిగవలసినంత దిగగనే మరల ముందుకు తోలును. మన సర్క్యూటులో ఇట్టి పాత్రలు రెండు గలవు. రెండును ఎనిమిది కాళ్ల చిన్న ఐ.సి.లే. ఒకటి ఇంటిగ్రేటరు. ఇది బాన వంటిది. దాని వోల్టేజి సమవేగముతో ఎక్కును, దిగును. అదియే త్రిభుజ తరంగము. రెండవది కంపారేటరు. ఇది తోలువాని వంటిది. బాన కొసకు చేరిన వెంటనే ఆజ్ఞను తారుమారు చేయును. ఆ ఆజ్ఞయే చతురస్ర తరంగము. ఒకదాని ఫలితము రెండవదానికి ప్రవేశము. రెండవదాని ఫలితము మొదటిదానికి ప్రవేశము. త్రిభుజపు కొనలను డయోడులతో గుండ్రముగా చేసినచో సైను తరంగము వచ్చును.

మేము ఉదాహరణముగా తీసికొను సర్క్యూటుకు ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల సప్లయి కలదు. త్రిభుజ తరంగమును కంపారేటరు ప్లస్ ప్రవేశమునకు తెచ్చు రెసిస్టరు 10 కిలో ఓములు. కంపారేటరు ఫలితమును ఆ ప్రవేశమునకే మరలించు రెసిస్టరు 20 కిలో ఓములు. దాని మైనస్ ప్రవేశము సున్న తీగకు కలుపబడియుండును. ఇంటిగ్రేటరు రెసిస్టరు 50 కిలో ఓములు, కెపాసిటరు 0.01 మైక్రోఫారడు. ఈ విలువలతో రెసిస్టరును కెపాసిటరుతో హెచ్చించి, రెట్టింపు చేసి, దానితో ఒకటిని భాగించినచో కంపన సంఖ్య వచ్చును. ఇచ్చట అది సరిగా 1000 హెర్ట్జులు. చతురస్రము సుమారు ప్లస్ 10.5 నుండి మైనస్ 10.5 వోల్టుల వరకు పోవును. త్రిభుజము అందులో సగము, అనగా ప్లస్ 5.25 నుండి మైనస్ 5.25 వరకు పోవును. ఈ అంకెలను ఒక కాగితముపై వ్రాసికొని ముందుంచుకొనవలెను. ఎంత రావలెనో తెలియనివానికి మీటరు ఎంత చూపినను ప్రయోజనము లేదు.

మొదటి పరీక్ష సప్లయికి. ఐ.సి.లను వాని గూళ్లనుండి తీసివేసి, ఉత్త సప్లయిని కొలువుడు. కరెంటు తీగలు గల వైపు చేయి పెట్టునప్పుడు ప్లగ్గును పూర్తిగా పెరికివేయుట మరువరాదు. ప్లస్ తీగను మైనస్ తీగను కలిపి కొలిచి 24 వచ్చినదని తృప్తి చెందరాదు. సున్న తీగ తెగియున్నను ఆ 24 రావచ్చును. సున్న నుండి ప్లస్‌ను వేరుగ, సున్న నుండి మైనస్‌ను వేరుగ కొలువవలెను. మైనస్ వైపు వోల్టేజి లేకున్నచో మొదట అనుమానింపవలసినది 7912 రెగ్యులేటరు కాళ్ల వరుసను. 7812 ముఖమును మనవైపు త్రిప్పి చూచినచో ఎడమనుండి ప్రవేశము, సున్న, ఫలితము అను వరుస. 7912లో అట్లు కాదు. సున్న, ప్రవేశము, ఫలితము అను వరుస. కవలలవలె కనబడినను కాళ్లు వేరు. అంతేగాక 7912 వీపుననున్న లోహపు రేకు ప్రవేశముతో కలిసియుండును. అది పెట్టెకు తగిలినచో సప్లయి షార్టగును.

సప్లయి విషయమున పల్లెకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. బోరు మోటారులు ఒక్కుమ్మడిగా ఆడు వేళలలో వోల్టేజి క్రుంగుట మెట్టప్రాంతమువారికి తెలియనిది కాదు. 12 వోల్టుల రెగ్యులేటరు సరిగా పనిచేయుటకు దాని ప్రవేశమున సుమారు 14 వోల్టులుండవలెను. 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు వాడినచో ఇంటి కరెంటు 200 వోల్టులకు దిగునప్పటికే ఆ 14 అందుట కష్టమగును. 15-0-15 ట్రాన్స్‌ఫార్మరైనచో సుమారు 160 వరకు నిలుచును. కావున రాత్రి చక్కగా పనిచేసి, పగలు మోటారులు ఆడు వేళ గుయ్యిమను జనకములో ఐ.సి.ని నిందింపరాదు. గుయ్యిమనుచున్నప్పుడే రెగ్యులేటరు ప్రవేశమున కొలిచి చూచినచో నిజము తెలియును.

రెండవ పరీక్ష కపిలకు. సప్లయి బాగుగ నుండి, ఐ.సి.లు పెట్టిన తరువాత కూడ స్వనము రాలేదనుకొందము. కంపారేటరు ఫలితమును కొలిచినచో 10.5 వోల్టులవద్ద కదలక నిలిచియున్నది. ఇచ్చటనే నేర్చుకొనువారు దిగులుపడుదురు. చక్రములో ఒకదాని తప్పు అన్నిటి తప్పుగా కనబడును. బాన కదలలేదన్నచో త్రాడు తెగినదా, తోలువాడు నిద్రించినాడా అని తెలియదు. దీనికి ఉపాయము చక్రమును మెల్లగా త్రిప్పుట. ఓసిలోస్కోపు చేయునది వేగముగా జరుగు దానిని కంటికి కనబడునట్లు చేయుటయే కదా. మనము ఆ జరుగుదానినే కంటి వేగమునకు దింపుకొందము.

విధానమిది. ఇంటిగ్రేటరు రెసిస్టరు స్థానమున 1 మెగోము వేయుడు. కెపాసిటరు స్థానమున 22 మైక్రోఫారడు ఎలెక్ట్రొలిటిక్‌లను రెంటిని, మైనస్ కాళ్లు ఒకదానితో ఒకటి కలియునట్లు వరుసగా చేర్చి వేయుడు. రెండును కలిసి 11 మైక్రోఫారడులగును, ఏ దిక్కు వోల్టేజినైనను తాళును. ఇప్పుడు కపిల ఒక్కసారి పైకి వచ్చి దిగుటకు సుమారు 22 సెకనులు పట్టును. మీటరును త్రిభుజము వచ్చు చోట నుంచి చూచినచో, సెకనుకు దాదాపు ఒక వోల్టు చొప్పున అంకె మారుచు పోవుట స్పష్టముగా కనబడును. 5.25 దగ్గరకు చేరగనే కంపారేటరు తలక్రిందులై, అంకె వెనుకకు మరలవలెను.

ఈ మెల్లని ఆటలో ప్రతి దోషమును తన పేరు తాను చెప్పుకొనును. త్రిభుజపు అంకె సున్నవద్దనే నిలిచియున్నచో కెపాసిటరు షార్టైనదో, రెసిస్టరు అతుకు ఊడినదో అయియుండవలెను. అంకె కదలి 5.25ను దాటి 10 వరకు పోయి అచ్చటనే నిలిచినచో బాన మంచిదే, తోలువాడు మరలింపలేదన్నమాట. 10 కిలో ఓముల రెసిస్టరును, 20 కిలో ఓముల రెసిస్టరును, కంపారేటరు ప్లస్ మైనస్ ప్రవేశములు తారుమారైనవేమో అనుదానిని చూడవలెను. ఎక్కుట 11 సెకనులు, దిగుట 16 సెకనులైనచో రెండు సప్లయిలు సమముగా లేవని అనుమానింపవలెను. ఒకటి రెండు సెకనుల భేదమును లెక్కింపనక్కరలేదు. ఎలెక్ట్రొలిటిక్ కెపాసిటరు కొంచెము కారుట సహజము. మెల్లగా సరిగా ఆడిన చక్రము అసలు భాగములు వేయగనే ఆగిపోయినచో, దోషము ఆ రెసిస్టరులోనో, ఆ కెపాసిటరులోనో, వానిని మార్చు స్విచ్చిలోనో తప్ప మరెచ్చటను లేదు. ఇరువది భాగముల అనుమానము మూడింటికి దిగినది.

రెసిస్టరుల రంగుల విషయమున ఒక మాట. గోధుమ, నలుపు, నారింజ అయినచో 10 కిలో ఓములు. గోధుమ, నలుపు, పసుపు అయినచో 100 కిలో ఓములు. పసుపురంగు దీపము క్రింద రాత్రివేళ నారింజకు పసుపునకు భేదము కనబడదు. కంటిని నమ్మక మీటరుతో కొలిచి వేయుట మేలు. టంకపు అతుకు మెరయుచు తీగను హత్తుకొని యుండవలెను. మసకబారి, తీగ చుట్టు సన్నని వలయమువలె పగులున్నచో అది పైకి అంటినట్లు కనబడుచు లోపల విడిపోయియుండును. గాలి దుమ్ము ఎక్కువగల మన ప్రాంతమున పొటెన్షియోమీటరు గరగరలాడుట కూడ సామాన్యమే. దానిని శుభ్రపరచినచో చాలును.

మూడవ పరీక్ష వేగమునకు. వందల హెర్ట్జులలో చక్కగానున్న జనకము 10,000 హెర్ట్జులకు త్రిప్పగనే అంత వేగము అందుకొనలేక, చతురస్రము చప్పబడిపోవుట కలదు. ఇచ్చట భాగమేదియు చెడలేదు. 1968లో వెలువడి లోకమంతట ప్రసిద్ధికెక్కిన 741 ఐ.సి. ఫలితము మైక్రోసెకనుకు అర వోల్టు చొప్పున మాత్రమే కదలగలదు. మైనస్ 10.5 నుండి ప్లస్ 10.5 వరకు 21 వోల్టులు ఎక్కుటకు దానికి 42 మైక్రోసెకనులు పట్టును. 10,000 హెర్ట్జులలో అర చక్రమునకు గల కాలము 50 మైక్రోసెకనులే. గడప దాటునప్పటికే వెనుకకు పిలిచినట్లగును. దాని స్థానమున టి.ఎల్.071 వేసినచో అది మైక్రోసెకనుకు సుమారు 13 వోల్టులు కదలును. ఆ 21 వోల్టులను రెండు మైక్రోసెకనులలోపల ఎక్కును. ముఖ్యమైన కాళ్ల వరుస ఒకటే కావున గూటిలో మార్చినచో సరిపోవును. అయితే వేగముగల ఐ.సి.కి సప్లయి కాళ్ల దగ్గరనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరులు పెట్టుట అవసరము. లేనిచో అది మన చెవికందని వేగమున తనలో తాను కంపించును. దీనిని పట్టుకొనుటకు మన ట్రాన్సిస్టరు రేడియో చాలును. మీడియం వేవులో స్టేషను లేనిచోట ముల్లు పెట్టి సర్క్యూటు దగ్గర ఉంచుడు. ముల్లు త్రిప్పునప్పుడు ఒకానొక చోట ఈల వినబడి, చేయి దగ్గరకు తెచ్చిన కొలది ఆ ఈల మారినచో, దొంగ కంపనము కలదని తెలిసికొనవలెను.

నాలుగవ పరీక్ష మీటరుకే. అగ్గువ మీటరుల ఏ.సి. అంకె సైను తరంగమునకు మాత్రమే సరిపోవునట్లు అమర్చబడినది. 10.5 వోల్టుల చతురస్రమును కొలిచినచో అది సుమారు 11.7 అని చూపును. 5.25 కొన గల త్రిభుజమునకు నిజమైన విలువ 3.03 కాగా, 2.9 అని చూపును. ఇది జనకపు దోషము కాదు. అట్టి మీటరులు కొన్ని వందల హెర్ట్జులు దాటినచో నమ్మదగినవి కావు. కావున ఎత్తును కొలుచునప్పుడు 100 హెర్ట్జుల దగ్గర కొలువవలెను. మీటరును డి.సి.కి మార్చి త్రిభుజమును కొలిచినచో సున్నకు దగ్గరగా రావలెను. రాకున్నచో త్రిభుజము ఒక ప్రక్కకు ఒరిగినదన్నమాట.

ఐదవ పరీక్ష సైను తరంగమునకు. దీనికి చెవియే ప్రమాణము. జనకమును 300 హెర్ట్జులకు పెట్టి, ఇయర్‌ఫోనులో త్రిభుజమును వినుడు. దానిని షడ్జమముగా భావించినచో, తారస్థాయిలోని పంచమము సన్నగా దానితో కలిసి వినబడును. త్రిభుజములో మూడురెట్ల కంపనము తొమ్మిదవవంతు కలదు. చతురస్రములో అది మూడవవంతు. దానికి తోడు ఐదురెట్ల కంపనము ఐదవవంతు. మంచి తంబురాలో మేలుకొను అంతరగాంధారమునకు మూలము ఈ ఐదురెట్ల కంపనమే. సైనులో ఇవి యేవియు ఉండరాదు. డయోడులకు ముందున్న ప్రీసెట్టును మెల్లగా త్రిప్పుచు, ఆ పై పంచమము అణగి, ఒంటి వేణునాదమువలె మిగిలిన చోట ఆపవలెను. సంగీతము నేర్చిన పిల్లవాడు ఇంటనున్నచో ఈ పనికి వాని చెవిని అరువు తెచ్చుకొనుడు.

ఉదయము సరిచేసిన సైను మధ్యాహ్నమునకు మరల కరకుదేరుట కలదు. డయోడు వోల్టేజి ఒక్కొక్క డిగ్రీ వేడికి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. మన వేసవిలో రేకుల కప్పు క్రింద తెల్లవారుజాముకు మధ్యాహ్నమునకు 20 డిగ్రీల భేదము వచ్చుట వింత కాదు. 0.6 వోల్టులలో 0.04 తగ్గినచో తరంగపు గుండ్రన మారక మానదు. డయోడులను వేడెక్కు రెగ్యులేటరులకు దూరముగా ఉంచవలెను. పెట్టెను పది నిమిషములు ఆడనిచ్చి ఆ తరువాత సరిచూడవలెను. కంపన సంఖ్య కూడ వేడికి జరుగుచున్నచో బిళ్లవలెనుండు సిరామిక్ కెపాసిటరును తీసి, పాలిస్టరు కెపాసిటరును వేయుడు.

ఆరవ పరీక్ష గుయ్యిమను రొదకు. రొదలు రెండు విధములు. రెగ్యులేటరు చాలక వచ్చు రొద 100 హెర్ట్జులు. ఇంటి తీగలనుండి గాని, ఎర్తు లోపమువలన గాని వచ్చు రొద 50 హెర్ట్జులు. మొదటిది రెండవదానికి సరిగా ఒక స్థాయి పైన వినబడును. మంద్రమైన రొద వచ్చి, పెట్టెను తాకగనే మారినచో ఎర్తును చూడవలెను. మన ఎర్రనేల ఎండినప్పుడు విద్యుత్తును నేలలోనికి పోనీయదు. గుంటలో బొగ్గు, ఉప్పు వేసినను, ఎండకాలమున నీరు పోయనిచో ఎర్తు ఉన్నను లేనట్లే. నీరు కరవైన చోట ఈ మాట చెప్పుట మాకును కష్టమే. అయినను చేతులు కడిగిన నీరైనను ఆ గుంటకు మరలించుట మంచిది. ఇది తరంగపు శుద్ధికొరకు మాత్రమే కాదు. లోహపు పెట్టెను తాకు పిల్లల ప్రాణముకొరకు.

ఏడవది కంపన సంఖ్యను సరిచూచుట. ఉన్నత పాఠశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో 256, 512 అని అంకెలు చెక్కిన శ్రుతిదండములు సామాన్యముగా నుండును. అయ్యవారి అనుమతితో 512 దండమును మ్రోగించి, జనకమును దానికి దగ్గరగా త్రిప్పినచో రెండు నాదములు కలిసి ఊగును. సెకనుకు రెండు ఊపులున్నచో జనకము 510గా గాని, 514గా గాని ఉన్నది. మీటను కొంచెము పైకి త్రిప్పుడు. ఊపులు తగ్గినచో అది 510. పెరిగినచో 514. ఊపు పూర్తిగా ఆగినచోట 512 అని గీత గీయుడు. నేడు చేతిలోని ఫోనులో కూడ శ్రుతిని అంకెలలో చూపు సదుపాయములు కలవు. దండముతో సరిచూచినదానిని ఫోనుతో మరల సరిచూచినచో రెండు సాక్ష్యములు దొరకును.

తుదకు ఒక హెచ్చరిక. జనకము నుండి 5 వోల్టుల తరంగమును తిన్నగా ఆంప్లిఫయరు ప్రవేశమునకు ఇచ్చి, స్వనము బొంగురుపోయినదని ఏ ఒకదానిని నిందింపరాదు. ఆ ప్రవేశము ఒక వోల్టుకంటె తక్కువను కోరును. నడుమ ఒక కెపాసిటరును, తగ్గించు మీటను ఉంచి, సన్నని స్వనముతో మొదలుపెట్టవలెను.

ఇంత చెప్పినదాని సారమొక్కటే: ముందు కొలువవలెను, తరువాతనే మార్చవలెను. ఇంట గట్టి, మొదటి దినమున పలుకలేదని అటకెక్కించిన పెట్టెలు ఎన్నియో ఊళ్లలో కలవు. మేము చూచిన అట్టి పెట్టెలలో చెడిన భాగము కంటె కొలువని భాగమే ఎక్కువ. వానిని దింపి, దుమ్ము దులిపి, సప్లయినుండి మొదలుపెట్టి చూడవలసినదని కోరుచున్నాము. బాగైన తరువాత ఒక చిన్న పని చేయుడు. సప్లయి వోల్టులు, చతురస్రపు ఎత్తు, త్రిభుజపు ఎత్తు, మెల్లని ఆటలో ఎక్కుటకు దిగుటకు పట్టిన సెకనులు, కొలిచిన తేదీ, ఇవన్నియు ఒక కాగితమున వ్రాసి పెట్టె మూత లోపల అంటింపుడు. మూడేండ్ల తరువాత అది మరల మూగవోయినప్పుడు మూత తీయువాడు మీరే కావచ్చును, మీ తమ్ముడు కావచ్చును, ఆ ఊరికి క్రొత్తగా వచ్చిన పనివాడు కావచ్చును. ఆరోగ్యముగ నున్ననాటి అంకెలు కనుల ముందున్నచో వాడు మొదటి అరగంటలోనే దోషపు జాడ పట్టును.